తోపులన్నీ సముద్రం వైపే చూశాయా?

ఆన్‌సైట్ అని చెప్పగానే ఇంట్లో అందరూ రెండే ప్రశ్నలు అడిగారు. ఎన్ని రోజులు? ఎంత ఇస్తారు? మా అవ్వ మాత్రం "యా ఊరు?" అంది. సింగపూర్ అన్నా. నోట్లో వక్కాకు నమిలేది ఆపేసింది.

"మా చిన్నాయన పొయ్యిన ఊరు గదరా అది."

మాది పుత్తూరు దగ్గర చిన్న పల్లె. పుత్తూరు కట్టు వినే ఉంటారు, ఎముక విరిగితే జనం వెతుక్కుంటూ వచ్చే ఊరు. నేను తిరుపతిలో చదివి, బెంగళూరులో కోడ్ రాసుకుంటూ, పండక్కి మాత్రమే ఊరికొచ్చే రకం. అవ్వకు తొంభై దాటాయి. నిన్న ఏం తిన్నదో చెప్పలేదు గానీ, ఎనిమిదేళ్ల వయసులో విన్న మాట మాత్రం పొల్లు పోకుండా చెప్తుంది.

ఆ మాట ఒక ఉత్తరంలోది. అవ్వ వాళ్ల చిన్నాయన యుద్ధానికి ముందే మద్రాసులో ఓడెక్కి సింగపూర్ వెళ్లాడు. అక్కడ తెల్లవాళ్ల నేవల్ బేస్‌లో కూలి పని. అప్పుడప్పుడూ మనియార్డరు వచ్చేది. 1941లో ఇంట్లో పెళ్లి సంబంధం చూసి, వచ్చేయమని రాశారు. ఆయన తిరుగు జవాబు రాశాడు: ఇక్కడ తోపులు ఉండాయి, ఒక్కో గుండు మన జత ఎద్దులంత బరువు, నాకేమీ భయం లేదు, ఇంకో ఏడాది సంపాదించుకుని వస్తా అని. ఉత్తరం చదివి అవ్వ వాళ్ల నాయన "ఉండనీలే, బద్రంగా ఉండాడు" అన్నాడట.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది. ఆ తర్వాత ఉత్తరం లేదు, మనియార్డరు లేదు, మనిషీ లేడు.

"తెల్లోడు తోపులన్నీ సముద్రం తట్టు తిప్పి పెట్టినాడంట. జపానోడు ఎనక వాకిట్లోంచి వచ్చినాడంట. తోపులు తిరగలా. అందుకే పొయ్యింది" అంది అవ్వ. మా ఇంట్లో ఎనభై ఏళ్లుగా ఇదే కథ. "నిజమో కాదో చూసి రా."

మన జనరేషన్‌కి తోపు అంటే గొప్పోడు. మా జిల్లాలో తోపు అంటే మామిడి తోట కూడా. అవ్వకు మాత్రం తోపు అంటే ఫిరంగి. చిన్నాయన్ని నమ్మించి మోసం చేసిన ఫిరంగి.

బ్యాటరీ అంటే ఛార్జింగ్ కాదు

మొదటి శనివారమే సెంటోసా వెళ్లా. యూనివర్సల్ స్టూడియోస్ ముందు మన వాళ్లు క్యూలో ఉంటే నేను బస్సెక్కి ద్వీపం పడమటి కొసకు పోయా. అక్కడ ఉంది ఫోర్ట్ సిలోసో. లిఫ్టులో పదకొండు అంతస్తుల ఎత్తుకు తీసుకెళ్తారు. అక్కడి నుంచి చెట్ల మీదుగా 181 మీటర్ల వంతెన. టికెట్ లేదు. సెల్ఫీలకు బెస్ట్ ప్లేస్, అందుకే చాలామంది వంతెన దాకా వచ్చి ఫొటో దిగి వెనక్కి పోతారు. కోటలోకి వెళ్లేవాళ్లు తక్కువ.

లోపల సొరంగాలు, మందుగుండు గదులు, సముద్రం వైపు నోరు తెరిచిన తోపులు. ఒక హాల్లో లొంగుబాటు సంతకాల దృశ్యం మైనపు బొమ్మలతో పెట్టారు. 1970ల ముందు ఈ ద్వీపం పేరు సెంటోసా కాదు, పులావ్ బ్లకాంగ్ మాటి. మలయ్ భాషలో మాటి అంటే చావు. టూరిస్టుల కోసం ప్రశాంతత అనే అర్థమొచ్చే పేరు పెట్టారు.

అక్కడి బోర్డుల్లో పదే పదే కనిపించే మాట బ్యాటరీ. ఫోన్‌లో ఉండేది కాదు. ఒకే చోట, ఒకే ఆఫీసరు కింద పనిచేసే కొన్ని తోపుల గుంపును బ్యాటరీ అంటారు. వైజాగ్ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అనే ఏరియా ఉంది కదా, ఆ పేరులోని బ్యాటరీ కూడా ఇదే. కొన్ని బ్యాటరీలు కలిస్తే రెజిమెంటు. సింగపూర్ తీరాన్ని రెండు రెజిమెంట్లు పంచుకున్నాయి. తూర్పున చాంగీ వైపు 9వ కోస్ట్ రెజిమెంటు, దక్షిణాన రేవునూ సిలోసోనూ కాచేది 7వ కోస్ట్ రెజిమెంటు. మొత్తం 29 పెద్ద తోపులు. 15 అంగుళాలవి 5, 9.2 అంగుళాలవి 6, 6 అంగుళాలవి 18. ఇక్కడ అంగుళాలంటే గొట్టం నోటి వెడల్పు.

ఇదంతా ఎవరి కోసం? ఉత్తరాన సెంబవాంగ్‌లో 1938లో తెరిచిన నేవల్ బేస్ కోసం. చిన్నాయన ఇసుకా సిమెంటూ మోసింది అక్కడే. ప్లాను సింపుల్. శత్రువు వస్తే సముద్రం మీదే వస్తాడు. ఐరోపా నుంచి బ్రిటిష్ నౌకలు వచ్చేదాకా తోపులు వాణ్ని ఆపాలి.

జత ఎద్దుల బరువు

రెండో వారం చాంగీ వెళ్లా, జొహోర్ బ్యాటరీ చూడ్డానికి. 15 అంగుళాల తోపులు మూడు ఉన్న చోటు ఇది. జొహోర్ సుల్తాను 1935లో ఐదో జార్జి రాజు సిల్వర్ జూబ్లీకి 5 లక్షల పౌండ్లు కానుకగా ఇచ్చాడు. అందుకే ఆ పేరు. యుద్ధం తర్వాత జనం దీన్ని మర్చిపోయారు. 1991లో జైలు శాఖ వాళ్లకు ఇక్కడ భూమి కింద గదులు బయటపడ్డాయి. 2002 ఫిబ్రవరి 15న జనానికి తెరిచారు.

ఇప్పుడున్నది అసలు తోపు కాదు, నమూనా. ఆదివారం మధ్యాహ్నం, మనిషన్నవాడు లేడు. గొట్టం పక్కన నిలబడితే నేను బొమ్మలా ఉన్నా. నోటి వెడల్పు 38 సెంటీమీటర్లు, మన ఇత్తడి బిందె పొట్టంత. పక్కనే గుండు. బరువు 1,938 పౌండ్లు. ఫోన్ తీసి లెక్కేశా, 879 కిలోలు. మన నాటు ఎద్దు నాలుగు నాలుగున్నర వందల కిలోలు ఉంటుంది.

జత ఎద్దులంత. చిన్నాయన అబద్ధం రాయలేదు. ఎక్కువ చేసీ రాయలేదు.

అక్కడే గట్టు మీద కూర్చున్నా. ఎనభై ఏళ్ల కింద ఒక కూలీ ఈ ఇనుమును నమ్ముకుని పెళ్లి వాయిదా వేసుకున్నాడు. మా ముత్తాత ఆ మాట నమ్మి తమ్ముణ్ని పిలవడం మానేశాడు. గుండు బరువు కరెక్టే. మరి తప్పు ఎక్కడ జరిగింది?

అవ్వ ప్రశ్నకు జవాబు ఇది: ఇక్కడి తోపులు తిరిగాయి. ఈ మూడింటిలో రెండు భూమి వైపు కూడా తిరిగేలా బిగించినవే. 1942 ఫిబ్రవరిలో అవి ఉత్తరానికి, పడమరకు తిరిగి జొహోర్ బారు వైపు, టెంగా వైపు కాల్చాయి. సిలోసో ఉన్న ద్వీపంలోని 9.2 అంగుళాల తోపులు కూడా భూమి వైపు కాల్చాయి. నిజంగా తిరగలేనివి ఉన్నాయి, బువోనా విస్తా అనే చోట ఉన్న 15 అంగుళాల తోపులు రెండు. ఆ రెండింటి కథే మిగతా అన్నిటికీ అంటుకుంది.

అసలు తిప్పలు గుండుతో వచ్చింది. తీరం తోపుల గుండ్లలో ఎక్కువ భాగం ఓడ కవచాన్ని చీల్చేవి. గట్టి ముక్కుతో ఉక్కును పొడుచుకుని లోపలికెళ్లాక పేలాలి. అదే గుండు రబ్బరు తోటలో సైనికుల మధ్య పడితే? మెత్తటి మట్టిలోకి దిగబడిపోయి అక్కడ పేలుతుంది. పెద్ద గుంత పడుతుంది, పది అడుగుల అవతల ఉన్నవాడు మట్టి దులుపుకుని లేస్తాడు. మనుషుల మీదికి కావాల్సింది నేల తాకగానే పేలి ముక్కలు చిమ్మే గుండు. అవి చిన్న తోపులకు కొన్ని ఉన్నాయి, ఈ పెద్దవాటికి లేనే లేవు.

ఇంకోటి, కళ్లు. ఈ తోపుల దగ్గర ఉన్న దూరం కొలిచే యంత్రాలు, లెక్కల గది, అన్నీ సముద్రం కోసం కట్టినవే. గుండు గరిష్ఠ దూరం పోవడానికి నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషంలో గంటకు 37 కిలోమీటర్ల వేగంతో పోయే ఓడ 600 మీటర్లు జరుగుతుంది. అది ఎక్కడ ఉంటుందో ముందే లెక్కేసి కాల్చాలి. సముద్రం మీద గుండు పడితే నీళ్లు లేస్తాయి, ఎంత తప్పిందో కనపడుతుంది, సరిచేసుకుంటారు. అడవి మీద ఏం కనపడుతుంది? ముందుకెళ్లి చూసి ఫోన్‌లో చెప్పే మనిషి ఉండాలి. తీరం తోపులను ఆ పనికి సిద్ధం చేయలేదు.

మా భాషలో చెప్పాలంటే కోడ్‌లో బగ్ లేదు. రిక్వైర్‌మెంటే తప్పు. ఎవరు వస్తారు, ఏ దారిన వస్తారు అన్నది ఒకసారి రాసేసుకున్నారు. మళ్లీ ఆ పేజీ తెరవలేదు.

సైకిళ్లూ విమానాలూ

వచ్చినవాళ్లు ఎలా వచ్చారో చూడండి. 1941 డిసెంబర్ 8న మలయా ఈశాన్యంలో కోట భారు దగ్గర దిగారు. అక్కడి నుంచి ద్వీపకల్పం మొత్తం దిగుతూ వచ్చారు, చాలామంది సైకిళ్ల మీద. జనవరి 31కి బ్రిటిష్ సైన్యం ద్వీపంలోకి తప్పుకుని, వెనకున్న కట్టను పేల్చేసింది. ఫిబ్రవరి 8 రాత్రి జపాన్ సేన వాయవ్యాన సరింబున్ తీరంలో దిగింది. 15న అంతా అయిపోయింది. మొదటి రోజు నుంచి లెక్కేస్తే 70 రోజులు.

ఆకాశం కథ దీనికంటే ముందే మొదలైంది. డిసెంబర్ 8 తెల్లవారుజామునే సింగపూర్ మీద బాంబులు పడ్డాయి. వీధి దీపాలు ఆర్పలేదు. ఊరు పెళ్లి పందిరిలా వెలుగుతూ ఉంది. 61 మంది చనిపోయారు. విమానాలను కొట్టే తోపులు కాల్చాయి గానీ ఒక్కటీ కూలలేదు.

ఆ తోపుల దగ్గర నిలబడినవాళ్లలో చాలామంది మన దేశం వాళ్లే. హాంకాంగ్ సింగపూర్ రాయల్ ఆర్టిలరీ అని ఒక దళం ఉండేది. పేరులో రెండు ద్వీపాలున్నా గన్నర్లు ఇండియా నుంచి వెళ్లినవాళ్లు, ఎక్కువగా పంజాబీ ముస్లింలు, సిక్కులు. ఆఫీసర్లు ఇంగ్లిష్ వాళ్లు.

వీళ్ల పని తీరం వాళ్లకంటే కష్టం. 3.7 అంగుళాల తోపు గుండు 12 కిలోల పైన. విమానం ఎత్తు, వేగం, దిక్కు కొలిచి ప్రిడిక్టర్ అనే పెట్టెకు ఇవ్వాలి. అది గేర్లతో, చక్రాలతో లెక్క చేసి, గుండు పైకి చేరేసరికి విమానం ఎక్కడుంటుందో చెప్తుంది. గుండుకు ఇన్ని సెకన్లకు పేలాలని టైము పెట్టి కాల్చాలి. పైలట్ ఈలోపు కాస్త పక్కకు తిరిగాడా, లెక్క మొత్తం మళ్లీ మొదటికి. చిప్‌లు లేని రోజుల్లో నడిచిన కంప్యూటర్ అది. నాకు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడాలనిపించింది. కానీ ఎంత మంచి లెక్కైనా పైన మనవైపు యుద్ధ విమానాలు ఉంటేనే పనికొస్తుంది. అవి తక్కువ. డిసెంబర్ 10న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద యుద్ధ నౌకలను జపాన్ విమానాలు ముంచేశాయి. తోపులు ఎదురుచూసిన నౌకాబలం అక్కడితో సరి.

ఫిబ్రవరి 12 నాటికి జొహోర్ బ్యాటరీ తోపులను గన్నర్లే పేల్చేశారు, శత్రువు చేతికి చిక్కకుండా. నేను నిలబడిన చోటే.

సిలోసో గురించి ఇంకో మాట చెప్పాలి. లొంగుబాటు తర్వాత జపాన్ సైన్యం సింగపూర్ చైనీయుల్ని ఏరి చంపింది. ఆ శవాలు బ్లకాంగ్ మాటి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అక్కడ ఖైదీలుగా ఉన్న తోపుల సైనికులే దాదాపు 300 శవాలను పూడ్చారు. తీరాన్ని కాపాడడానికి వచ్చినవాళ్లకు చివరికి మిగిలిన పని అది.

పుత్తూరు దాకా వచ్చిన భయం

మరి సింగపూర్ పోతే మనకేంటి? బంగాళాఖాతానికి తలుపు అదే. తలుపు పోయింది. మార్చి 23న జపాన్ అండమాన్ ఆక్రమించింది. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడ. రియుజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు అవి. ఏప్రిల్ 9న ట్రింకోమలీ.

మద్రాసు వణికింది. 1914లో ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి చమురు ట్యాంకులు తగలబెట్టిన సంగతి పెద్దవాళ్లింకా మర్చిపోలేదు. ఈసారి ప్రభుత్వమే అవసరం లేనివాళ్లు ఊరు వదలమంది. ఆఫీసులు లోపలి ఊళ్లకు తరలాయి. బాంబు పడితే తప్పించుకుని ఊరిమీద పడతాయని జూలో సింహాలను, పులులను కాల్చేశారు.

ఆ వేసవిలో అవ్వ వాళ్లింటికి మద్రాసు నుంచి మూడు కుటుంబాలు వచ్చాయి. పుత్తూరు స్టేషన్‌లో దిగి, ఎద్దుల బండ్ల మీద, బిందెలూ పిల్లలతో. ఇంట్లో చోటు చాలక మామిడి తోపులో పందిళ్లు వేశారు. రాత్రి దీపం పెడితే పెద్దవాళ్లు కసిరేవాళ్లట. అవ్వకు మాత్రం అది పండగే. ఆడుకోవడానికి అంతమంది పిల్లలు! ఒక్క వాళ్లమ్మ మాత్రం ఆ పిల్లలకు అన్నం పెడుతూ ఏడ్చేదట, "ఈళ్లు వచ్చినారు, మరిది రాలా" అని.

నాలుగు స్తంభాలు

సింగపూర్‌లో చివరి సాయంత్రం బీచ్ రోడ్డులో పౌరుల యుద్ధ స్మారకం దగ్గరకు పోయా. నాలుగు తెల్ల స్తంభాలు పక్కపక్కనే లేస్తాయి. అక్కడి జనం చాప్‌స్టిక్స్ అని పిలుస్తారు. 1967 ఫిబ్రవరి 15న ఆవిష్కరించారు. కింద పేరు తెలియని పౌరుల అస్థికలున్న కుండలు. నాలుగు స్తంభాలు నాలుగు జాతులకు. చైనీయులు, మలయ్‌లు, భారతీయులు, యురేషియన్లు తదితరులు.

క్రాంజీ స్మారకంలో సమాధి దొరకని సైనికుల పేర్లు 24 వేలకు పైగా గోడల మీద చెక్కారు. చిన్నాయన సైనికుడు కాదు. ఏ గోడ మీదా ఆయన పేరుండదు. బాంబుల్లో పోయాడో, వేలాది తమిళ, తెలుగు కూలీలతో పాటు సయాం రైలు పనికి తీసుకుపోతే అక్కడ పోయాడో. ఆ నాలుగింటిలో ఒకటి భారతీయులది కాబట్టి, అక్కడ ఆయనకూ చోటుందనుకున్నా. చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డా. పక్కన ఆఫీసుల నుంచి జనం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంటికి పోతున్నారు.

మే నెలలో ఊరికొచ్చా. తోతాపురి కాయలు కోతకు వచ్చిన టైము. అవ్వ తోపులో మంచం వేయించుకుని కూర్చుంది. ఫోన్‌లో జొహోర్ బ్యాటరీ ఫొటో చూపించా. రెండు వేళ్లతో జూమ్ చేసి ఇస్తే, స్క్రీను మీద చేత్తో తడిమింది.

"జత ఎద్దులంతే అవ్వా. లెక్కేసినా" అన్నా.

"సెప్పలా? మా చిన్నాయన అబద్ధం ఆడడు."

తర్వాత మొత్తం చెప్పా. తోపులు తిరిగాయని, గుండ్లే తప్పువని, ఎవరొస్తారో తప్పుగా అనుకున్నారని. ఇనుము మీద తప్పు వేసేసి మనుషులు తప్పించుకున్నారని కూడా అన్నా. చెప్పాక కాస్త భయమేసింది. ఎనభై ఏళ్లు ఒక కథను పట్టుకుని బతికిన మనిషి దగ్గర దాన్ని లాగేసుకున్నానేమో అని.

అవ్వ ఫోన్ నా చేతికిచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకోలేదు, ఏమీ లేదు. తోపు గట్టు మీద రాలిన కాయ ఒకటి తీసి నా వైపు దొర్లించింది.

"తోపు తిరిగినాదా లేదా అని ఇన్నేండ్లు నేనూ అడిగినా గానీ, తిరిగితే మాత్రం ఏమిరా? మా చిన్నాయన తిరిగి రాలా."

కాయ కడిగి కోశా. ఇంకా పులుపే. ఇద్దరం ఉప్పుకారం అద్దుకుని తిన్నాం.